పీ, ఆ, పా: హవాయి వాళ్ళూ, మిషనరీలూ, పన్నెండక్షరాలూ

(ఒంగోలులో మా చదువరుల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ చరిత్ర మాస్టారు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ వాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఒంగోల్లో పుట్టి పెరిగిన వాళ్ళని ఒక అంకె అడుగుతాను. 2222. ఎవరికైనా గుర్తుందా? ఆఁ, చాలామందికి గుర్తుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో బాప్తిస్మం తీసుకున్న వాళ్ళు. మిషనరీ క్లౌ దొర కాలం. భయంకరమైన కరువు, బకింగ్‌హామ్ కాలవ పని, అవన్నీ మన తాతల నోట విన్న కథలే. ఇప్పుడు ఇంకో అంకె చెప్తాను, ఇది మీరు విని ఉండరు. 1705. గుండ్లకమ్మ సంగతికి సరిగ్గా నలభై ఏళ్ళ ముందు, 1838 జూలైలో మొదటి ఆదివారం, పసిఫిక్ సముద్రం నడిమధ్యన హవాయి దీవుల్లో హీలో అనే ఊళ్ళో టైటస్ కోన్ అనే మిషనరీ ఒక్క రోజులో బాప్తిస్మం ఇచ్చింది 1705 మందికి. జనాన్ని వరసల్లో కూర్చోబెట్టి, గిన్నెలో నీళ్ళు పట్టుకుని కుంచెతో చిలకరిస్తూ వెళ్ళాడాయన. దానికి కొన్ని నెలల ముందే, 1837 నవంబరులో, హీలోని సునామీ ముంచెత్తింది. ఇక్కడ కరువు, అక్కడ సునామీ. ఈ రెండూ పక్కపక్కన కనబడేసరికి నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. అక్కణ్ణించే నాకు హవాయి మీద ఇష్టం మొదలైంది.

ఈ కథ మామూలుగా రెండు రకాలుగా చెప్తారు. చీకట్లో ఉన్న జనానికి మిషనరీలు వెలుగు తెచ్చారు, ఇది ఒకటి. వచ్చారు, సంస్కృతిని నాశనం చేశారు, భూములు లాక్కున్నారు, ఇది రెండోది. రెండిట్లోనూ హవాయి వాళ్ళు ఏం చేస్తున్నారు? ఏమీ చెయ్యరు. ఊరికే చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు, ఎవరో వచ్చి వాళ్ళకి మంచో చెడో చేసిపోతారు. నాకు ఇది మింగుడు పడదు. ఎందుకు పడదో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

మొదట ఒక కుర్రాడి సంగతి. పేరు ఓపూకహాయియా. పలకడం కష్టంగానే ఉంటుంది, రెండుసార్లు అంటే అలవాటైపోతుంది. ఓపూకహాయియా. 1792 ప్రాంతంలో హవాయి పెద్ద దీవిలో పుట్టాడు. దీవుల్లో రాజుల మధ్య యుద్ధాలు నడుస్తున్న రోజులు. తల్లినీ తండ్రినీ వాడి కళ్ళ ముందే చంపేశారు. పసివాడైన తమ్ముణ్ణి వీపున వేసుకుని పరిగెడుతుంటే బల్లెం వచ్చి ఆ బిడ్డకి తగిలింది. వీపు మీదే పోయాడు తమ్ముడు. తర్వాత మేనమామ దగ్గర చేరాడు, ఆయన గుళ్ళో పూజారి, వీణ్ణి కూడా పూజారిని చెయ్యాలని మంత్రాలు నేర్పాడు. వీడి మనసు నిలవలేదు. 1808లో కెయలకెకువా తీరంలో ఒక అమెరికా ఓడ ఆగి ఉంటే ఈదుకుంటూ వెళ్ళి ఎక్కేశాడు. అప్పటికి పదహారేళ్ళు ఉంటాయేమో. తిరిగి తిరిగి అమెరికాలో న్యూహేవెన్ చేరాడు. అక్కడ యేల్ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఒక విద్యార్థి చూసి ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడు. నాకు చదువు చెప్పేవాళ్ళెవరూ లేరని ఏడుస్తున్నానన్నాడు.

అన్నం లేదని కాదు, ఇల్లు లేదని కాదు. చదువు లేదని.

చదువు చెప్పారు. క్రైస్తవుడయ్యాడు. అప్పటికి హవాయి భాషకి లిపి లేదు, వీడు తన భాషని ఎలా రాయాలా అని సొంతంగా కుస్తీ పట్టాడు, వ్యాకరణం మొదలుపెట్టాడు, ఆదికాండం తన భాషలోకి తేవడం మొదలుపెట్టాడు. మా వాళ్ళ దగ్గరికి మనుషుల్ని పంపండి, నేనూ వెళ్తానని అడుగుతూ ఉండేవాడు. 1818 ఫిబ్రవరిలో టైఫస్ జ్వరం వచ్చి కన్ను మూశాడు. పాతికేళ్ళు దాటాయి, అంతే. వాడి జీవిత కథ అచ్చువేస్తే న్యూ ఇంగ్లాండంతా చదివి కంట తడి పెట్టుకుంది, చందాలు పోగయ్యాయి, 1819 అక్టోబరులో బోస్టన్ నుంచి థాడియస్ అనే ఓడ బయల్దేరింది. అంటే మిషనరీలని హవాయికి రప్పించిన వాడు ఎవరు? ఒక హవాయి కుర్రాడు. ఆ ఓడలో హైరమ్ బింగమ్, ఏసా థర్‌స్టన్ అనే ఇద్దరు పాస్టర్లు, డాక్టరు, ప్రింటరు, టీచర్లు, రైతు, వాళ్ళ భార్యాపిల్లలు ఉన్నారు. వాళ్ళతో పాటు నలుగురు హవాయి యువకులు కూడా ఉన్నారు. ఈ నలుగురి పేర్లు చాలా పుస్తకాల్లో చివర్లో ఎక్కడో వస్తాయి. హోపు, కనుయి, హోనోలియి, నాలుగోవాడు కవాయి దీవి రాజు కొడుకు జార్జి. భాష నేర్పింది ఎవరు, దుబాసీ పని చేసింది ఎవరు? వీళ్ళే కదా.

ఇప్పుడు ఓడ నడి సముద్రంలో ఉంది. అయిదు నెలల పైన ప్రయాణం, దక్షిణ అమెరికా కొస చుట్టి రావాలి. వీళ్ళింకా ఓడలో ఉండగానే దీవుల్లో ఏం జరిగిందో చూడండి, నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇదే.

హవాయిలో 'కపు' అనే కట్టడి ఉండేది. అంటే నిషేధాల వ్యవస్థ. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి తినకూడదు. ఆడవాళ్ళు పంది మాంసం ముట్టకూడదు, కొబ్బరికాయ తినకూడదు, అరటిపళ్ళలో చాలా రకాలు తినకూడదు. తప్పితే ప్రాణం పోవచ్చు. మన ఇళ్ళల్లో ఎవరి పంక్తి ఎక్కడ, ఎవరి గ్లాసు ఏది అనే పట్టింపులు చూసిన వాళ్ళం కాబట్టి తిండి దగ్గర గీత గీస్తే దాని బలం ఎంతో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. 1819 మే నెలలో, దీవులన్నిటినీ ఒక్కటి చేసిన మహారాజు కమేహమేహా చనిపోయాడు. ఆయన భార్యల్లో కాహుమాను అనే ఆవిడ మహా గట్టిది. కొత్త రాజు లిహోలిహోకి కన్నతల్లి కేఓపూఓలానీ. వీళ్ళిద్దరూ కలిసి ఆ కుర్ర రాజుని ఒప్పించారు. నవంబరులో ఒక విందు పెట్టారు. రాజు లేచి వెళ్ళి ఆడవాళ్ళ పంక్తిలో కూర్చుని భోంచేశాడు. అంతే! ఒక్క భోజనంతో వందల ఏళ్ళ కట్టుబాటు కూలిపోయింది. విగ్రహాలు తగలబెట్టించారు. ఒప్పుకోని వాళ్ళు రాజు దాయాది కెకువఒకలాని వెనక నిలబడి యుద్ధం చేశారు, డిసెంబరులో కువామొఒ దగ్గర అతనూ, పక్కనే పోరాడుతున్న అతని భార్య మనోనో కూడా చనిపోయారు.

ఇదంతా జరిగినప్పుడు దీవుల్లో మిషనరీ అనేవాడే లేడు. 1820 మార్చి చివర్లో థాడియస్ ఓడ తీరానికి చేరితే హోపు పడవలో వెళ్ళి కబురు తెచ్చాడు, కమేహమేహా పోయాడు, కపు పోయింది, విగ్రహాలు లేవు అని. మిషనరీలు ఇది దేవుడు చేసిన పని అన్నారు. వాళ్ళ విశ్వాసం వాళ్ళది, నేను దాన్ని తక్కువ చెయ్యను. కాని చరిత్ర మాస్టారుగా నేను చెప్పేది ఏంటంటే, పాత దేవుళ్ళని దించింది హవాయి రాణులు, తమ సొంత నిర్ణయంతో. వచ్చిన వాళ్ళకి కూడా రాజు ఊరికే స్వాగతం పలకలేదు. నాలుగైదు రోజులు తర్జనభర్జన పడి, ఒక ఏడాది ఉండండి, చూద్దాం అన్నాడు.

మరి ఈ కొత్తవాళ్ళలో హవాయి పెద్దలకి ఏం నచ్చింది? కాహుమాను మొదట్లో వీళ్ళని లెక్కపెట్టలేదు. మిషనరీలు పలకరించడానికి వెళ్తే పేకాట ఆడుకుంటూ ఉండేది, చేయి ఇవ్వమంటే చిటికెన వేలు చాపేది. ఆవిణ్ణి కదిలించింది ప్రసంగాలు కాదు, అక్షరాలు. కాగితం మీద గీతలు నోరు విప్పి మాట్లాడతాయని అర్థమయ్యాక వదల్లేదు, కూర్చుని నేర్చుకుంది.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు క్రాన్, డెగ్రాంజ్ అని ఇద్దర్ని విశాఖపట్నం పంపారు. అదే సొసైటీ పసిఫిక్‌లో తాహితీకి పంపిన వాళ్ళలో ఒకడైన విలియం ఎల్లిస్ 1822లో హవాయి వచ్చి, కొందరు తాహితీ క్రైస్తవులతో కలిసి అమెరికా వాళ్ళకి భాష దగ్గర ఎంతో సాయం చేశాడు. విశాఖ వచ్చిన వాళ్ళకి ఏం ఎదురైంది? నన్నయ నుంచి ఎనిమిది వందల ఏళ్ళు రాస్తూ వచ్చిన భాష. మనకి లిపి ఎవరూ ఇవ్వక్కర్లేదు. హవాయికి ఏముంది? గొప్ప మౌఖిక సాహిత్యం ఉంది, వేల పంక్తుల వంశగాథలు నోటికి చెప్పే వాళ్ళున్నారు, రాత లేదు. అందుకని అక్కడ మిషనరీ ఇచ్చిన అక్షరం బరువు వేరు.

1822 జనవరి 7న హోనోలులులో మొదటిసారి అచ్చుయంత్రం తిరిగింది. ఆ మొదటి కాగితం కోసం మీట లాగింది కెఅవుమొకు అనే హవాయి నాయకుడు. ఏ శబ్దానికి ఏ అక్షరం వాడాలని మిషనరీల్లో వాదనలు జరిగాయి. ఒకే మాటలో ఒకడు క అంటాడు, ఇంకొకడు ట అంటాడు, ఒకడు ల, ఒకడు ర. చివరికి 1826లో ఓట్లు వేసి తేల్చారు. అయిదు అచ్చులు, ఏడు హల్లులు, మొత్తం పన్నెండు. మా మనవరాలికి చెప్తే తాతయ్యా, నాకు యాభై ఆరు ఎందుకు నేర్పించావని దెబ్బలాడింది! మనం ఓనమాలు అన్నట్టే వాళ్ళు మొదటి పాఠాన్ని పీ-ఆ-పా అంటారు.

ఆ తర్వాత దేశమంతా బడిలో కూర్చుంది. దేశమంతా అని ఊరికే అనలేదు. ముందు పెద్దలు నేర్చుకున్నారు, వాళ్ళు తమ కింద వాళ్ళకి హుకుం ఇచ్చారు, తాతలూ అమ్మమ్మలూ పలకలు పట్టారు. 1831 నాటికి వెయ్యికి పైగా బడులు, యాభై వేల పైచిలుకు విద్యార్థులు, ఎక్కువమంది పెద్దవాళ్ళే. దీవుల మొత్తం జనాభా అప్పుడు 1,30,000 దాకా ఉంటుంది. పాఠం చెప్పిన వాళ్ళు ఎవరు? వందమంది మిషనరీలు కూడా లేరు. చెప్పింది హవాయి పంతుళ్ళే. అదే ఏడాది మావి దీవిలో లాహైనాలూనా అని పెద్ద బడి పెట్టారు, 1834లో అక్కణ్ణించే మొదటి వార్తాపత్రిక వచ్చింది. 1839కి బైబిలు మొత్తం హవాయి భాషలోకి వచ్చేసింది. కాహుమాను అది చూడలేదు, 1832లో పోయింది. చావు మంచం మీద ఉండగా కొత్త నిబంధన మొదటి ప్రతిని ఎర్ర తోలు అట్ట వేసి, ఆవిడ పేరు బంగారు అక్షరాలతో అచ్చుకొట్టించి తెచ్చి చేతిలో పెట్టారు.

మంచి చెప్పాను కదా, నొప్పి కలిగించేది కూడా చెప్పాలి. 1830లో కాహుమానే నలుగురిలో హులా నాట్యం చెయ్యకూడదని నిషేధించింది. హులా అంటే ఊరికే డాన్సు కాదండీ, రాత లేని రోజుల్లో వాళ్ళ చరిత్ర అందులో ఉంది, వంశాలూ దేవతలూ ఊళ్ళ పేర్లూ అన్నీ ఆ పాటల్లోనే ఉన్నాయి. మన దగ్గర భోగం మేళాలు మాన్పించినప్పుడు ఎంత సంగీతం పోయిందో ఆలోచించండి, అలాంటిదే. కేథలిక్కుల మీద కూడా కత్తి కట్టారు. 1827లో ఫ్రాన్సు నుంచి వచ్చిన ఫాదర్లని 1831లో ఓడెక్కించి పంపేశారు, కేథలిక్కులైన హవాయి వాళ్ళని జైల్లో పెట్టి కష్టమైన పనులు చేయించారు. 1839లో మత సహనం ప్రకటించే దాకా, ఆ వెంటనే ఫ్రెంచి యుద్ధనౌక వచ్చి బెదిరించే దాకా అది నడిచింది. ఆ కాలంలో ప్రొటెస్టెంటు మిషనరీల మనసు ఎంత ఇరుకో ఇక్కడ కనబడుతుంది, కప్పిపుచ్చడం దేనికి?

అన్నిటికన్నా పెద్ద విషాదం రోగాలు. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు వచ్చినప్పటి నుంచీ మొదలైంది. 1,30,000 అని చెప్పాను కదా, 1853 లెక్కల్లో 73,000. ఇరవై ఏళ్ళలో! తట్టు, కోరింత దగ్గు, మశూచి. ప్రతి ఇంట్లో చావులే. ఇన్ని చావుల మధ్య జనం ఒక కొత్త దేవుణ్ణి గట్టిగా పట్టుకున్నారంటే అది మోసపోవడం అని నేను అనను, మీరూ అనకండి.

తర్వాత కుష్ఠు వచ్చింది. 1866 నుంచి రోగుల్ని మొలొకాయి దీవిలో ఒక ద్వీపకల్పానికి పంపేసేవారు. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిటారు కొండ. ఫాదర్ డేమియన్ పేరు విన్నారా? మన కాన్వెంటు స్కూళ్ళలో చదివిన వాళ్ళు వినే ఉంటారు. బెల్జియం ఆయన, 1873లో వెళ్ళాడు, పుళ్ళు కడిగాడు, ఇళ్ళు కట్టాడు, శవపేటికలు చేశాడు, ఆ రోగమే తగిలి 1889లో అక్కడే పోయాడు. 2009లో పోప్ పునీతుడని ప్రకటించాడు. ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. కాని అక్కడికి రోగం లేని హవాయి వాళ్ళు కూడా వెళ్ళారని మీకు ఎవరైనా చెప్పారా? భర్త వెంట భార్య, భార్య వెంట భర్త, బిడ్డ వెంట తల్లి. వాళ్ళని కోకువా అనేవారు, తోడు ఉండేవాళ్ళు అని. జొనాథన్ నపేలా అనే ఆయన జడ్జీగా చేసినవాడు, ఇందాక చెప్పిన లాహైనాలూనాలో మొదట చదివిన వాళ్ళలో ఒకడు, మార్మన్ సంఘంలో చేరి వాళ్ళ గ్రంథం హవాయి భాషలోకి రావడానికి సాయపడ్డాడు. భార్య కిటీకి కుష్ఠు వస్తే 1873లో ఆవిడ వెంట వెళ్ళిపోయాడు. డేమియన్‌తో స్నేహంగా ఉన్నాడు, ఇద్దరివీ వేరు సంఘాలైనా. ఆయనకీ రోగం తగిలింది, 1879లో పోయాడు. ఈ మనిషి పేరు మన పాఠాల్లో ఎందుకు లేదు?

ఇక భూమి సంగతి. మంచినీళ్ళు ఉన్నాయా అమ్మా? థాంక్స్.

మిషనరీల్లో కొందరు మెల్లగా రాజు కొలువులో చేరారు. విలియం రిచర్డ్స్ 1838లో సలహాదారయ్యాడు, డాక్టర్ జడ్ 1842లో చేరాడు. పెద్ద దేశాలు మింగెయ్యకుండా ఉండాలంటే మనకీ రాజ్యాంగం కావాలి, చట్టాలు కావాలి అన్నది రాజు ఆలోచన కూడా. లాహైనాలూనాలో చదివిన డేవిడ్ మాలో 1837లోనే రాశాడు, చీకటి సముద్రం నుంచి పెద్ద చేపలు వస్తాయి, చిన్న చేపల్ని తినేస్తాయి అని. 1848లో భూముల్ని రాజుకీ, నాయకులకీ, ప్రభుత్వానికీ విడగొట్టారు. 1850లో సాగు చేసుకునే వాళ్ళకి పట్టాలిచ్చే చట్టం వచ్చింది. పట్టా అంటే తెలుసు కదా, సర్వే చేయించాలి, సాక్షులు కావాలి, గడువులోగా అర్జీ పెట్టాలి. మామూలు జనానికి చివరికి దక్కింది మొత్తం భూమిలో నూటికి ఒక వంతు కూడా లేదు. అదే 1850లో విదేశీయులు కూడా భూమి కొనుక్కోవచ్చన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బోస్టన్‌లోని మిషను బోర్డు, జీతాలు ఇక మా వల్ల కాదు, మీరు అక్కడే స్థిరపడి మీ బతుకు మీరు చూసుకోండి అంది. మిషనరీలు భూములు కొన్నారు, కొందరు వ్యాపారాలు పెట్టారు. మిషను సరుకుల కొట్టు చూసుకునే కాసిల్, బడి నడిపిన కుక్ (ఇందాకటి కెప్టెన్ కుక్ కాదు, ఈయన వేరు) కలిసి 1851లో పెట్టిన కంపెనీ తర్వాత చక్కెర వ్యాపారంలో దీవుల్ని ఏలిన అయిదు కంపెనీల్లో ఒకటైంది.

అక్కడ పుట్టిన పిల్లలు, మనవలు వేరే మనుషులు. 1893 జనవరి 17న రాణి లిలియుఒకలానిని గద్దె దించిన కుట్రలో ముందున్న లోరిన్ థర్‌స్టన్ ఎవరు? థాడియస్‌లో వచ్చిన ఏసా థర్‌స్టన్ మనవడు. తర్వాత హవాయికి ప్రెసిడెంటైన శాన్‌ఫర్డ్ డోల్? మిషనరీ కొడుకు. అమెరికా ఓడ నుంచి సైనికులు దిగి వాళ్ళకి అండగా నిలబడ్డారు. కుట్రదారులందరూ మిషనరీ బిడ్డలు కారు, ఆ మాట కూడా చెప్పాలి. మరి రాణి ఎవరు? మిషనరీ దంపతుల బడిలో చదువుకున్న పిల్ల, చర్చిలో పాటల బృందం నడిపిన మనిషి. 1895లో ఆవిణ్ణి సొంత కోటలోనే ఒక గదిలో బంధిస్తే, అక్కడ కూర్చుని తనని బంధించిన వాళ్ళని క్షమించమని ప్రార్థన గీతం రాసింది. మరుసటి ఏడాది మిషనరీల సంఘం వదిలి ఆంగ్లికన్ సంఘంలో చేరింది. యేసుని వదల్లేదు, వాళ్ళని వదిలేసింది. అదే 1896లో కొత్త ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మాత్రమే బోధనా భాష అని చట్టం చేసింది. తాతలు కూర్చుని, ఓట్లు వేసి, కష్టపడి రాతకెక్కించిన భాషని మనవల పాలనలో బడి నుంచి గెంటేశారు.

కాని ఆ పన్నెండక్షరాలు అప్పటికే జనం చేతుల్లోకి వెళ్ళిపోయాయి. 1861 నుంచీ హవాయి వాళ్ళు సొంత పత్రికలు నడుపుకున్నారు, మిషనరీలు వద్దన్న పాత కథలు, దేవతల గాథలు వారం వారం అచ్చువేసుకున్నారు. 1834 నుంచి 1948 దాకా వచ్చిన హవాయి భాషా పత్రికలు వంద దాకా ఉంటాయి, ఒక లక్షా పాతిక వేల పేజీలు. 1984లో ఆ భాష మాట్లాడే పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతగా మిగిలినప్పుడు, తల్లిదండ్రులు పూనానా లేఓ అని చిన్నపిల్లల బడులు మొదలుపెట్టారు. భాషని తిరిగి లేపేవాళ్ళు ఇవాళ్టికీ పాత మాటల కోసం వెతుక్కునేది ఆ పేజీల్లోనే.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. 1897లో దీవుల్ని అమెరికాలో కలిపేసుకునే ఒప్పందం తయారైంది. అప్పుడు హవాయి వాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఓడల్లో, గుర్రాల మీద ఊరూరూ తిరిగి సంతకాలు సేకరించారు. మేము ఒప్పుకోము అని. 21,000 పైచిలుకు సంతకాలు, 556 పేజీలు. అప్పటికి హవాయి జాతివాళ్ళు మొత్తం నలభై వేల లోపే. అంటే పిల్లల్ని కూడా లెక్కేస్తే సగం జాతి సంతకం పెట్టింది! నలుగురు ప్రతినిధులు వాటిని పట్టుకుని వాషింగ్టన్ వెళ్ళారు, ఆ ఒప్పందం సెనేట్‌లో గట్టెక్కలేదు. తర్వాత స్పెయిన్ యుద్ధం వచ్చింది, 1898 జూలైలో వేరే దారిలో, ఒక తీర్మానంతో కలిపేసుకున్నారు. కాగితాలు వాషింగ్టన్ భాండాగారంలో ఉండిపోయాయి, జనం వాటిని దాదాపు మర్చిపోయారు. వందేళ్ళ తర్వాత ఒక హవాయి పరిశోధకురాలు వాటిని వెలికి తీసింది. నకళ్ళు దీవులకి తెచ్చి ప్రదర్శనకి పెడితే, జనం వచ్చి పేజీలు తిరగేస్తూ తమ ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు వెతుక్కున్నారు. దొరికినచోట వేలు పెట్టి ఆగిపోయారు.

టైం దాటిపోయింది, లైబ్రరీ వాళ్ళు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ చివర కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి, ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంచింది. చెప్పమ్మా.